ఇరవై అడుగులు

కూర్చున్న మనిషి మళ్ళీ లేవడేమో అన్నదే ఆమె భయం. దొంగలంటే కాదు, చీకటంటే కాదు, ఉరుములంటే అసలే కాదు. ఎవరైనా కుర్చీలో వెనక్కి వాలి, మెడ కాస్త పక్కకు పడేసి, కదలకుండా కనబడితే చాలు, ఆమెకు పైప్రాణాలు పైనే పోయేవి. బస్సులో ముందు సీట్లో కునికిపాట్లు పడే ముసలాయన్ని "టైమెంతయిందండీ" అని ఊరికే లేపి, రెండుసార్లు చీవాట్లు కూడా తింది.

ఆ భయం గాల్లోంచి ఊడిపడలేదు. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఆయన కొట్టు ఒక బీరువా అంత ఉండేది. పొద్దున అందులో దూరి కూర్చున్నాడంటే దీపాల వేళకే బయటపడేవాడు. కంటికి నల్లటి గొట్టంలాంటి భూతద్దం బిగించుకుని, "ఊపిరి గట్టిగా వదలకు తల్లీ, స్క్రూలు ఎగిరిపోతాయి" అనేవాడు. ఆమె గుమ్మంలో కూర్చుని, ఊపిరి సన్నగా పీల్చుకుంటూ, ఆయన్ని చూస్తూ ఉండేది. ఒకరోజు ఆయన ఎడమ చెప్పులో పాదం పట్టలేదు. మడమ బయటికి వేలాడుతోంది. ఆరో తరగతి పిల్ల, చూసింది. కాలలా ఉందేంటి నాన్నా అని అడుగుదామనుకుంది. ఆయన స్క్రూలు లెక్కపెడుతున్నాడు. లెక్క తప్పుతుందని అడగలేదు. రెండు రోజుల తర్వాత, గోడకు గడియారం తగిలిద్దామని లేచిన మనిషి లేచినట్టే కూలిపోయాడు. కాల్లో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోయిందని ఆ తర్వాత తెలిసింది. అమ్మ పనికి వెళ్ళాల్సి వచ్చింది, తమ్ముణ్ణి చూసుకునేందుకు ఆమె బడి మానేసింది. చదువు అక్కడ ఆగింది కానీ, 'అడగలేదు' అన్న మాట ఆగలేదు. బట్టలు ఆరేస్తున్నా, పిల్లకు పాలిస్తున్నా, చెవి దగ్గర దోమలా తిరుగుతూనే ఉంది.

అలాంటిదానికి, కూర్చుని చేసే పనివాడే మొగుడిగా దొరికాడు.

ఆయన పని వీధుల పని. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో నెత్తిన కెమెరా పెట్టుకున్న కార్లు తిరుగుతాయట. అవి తీసిన ఫోటోలు ఈ ఇంటి వెనక గదిలోని స్క్రీను మీదికి వస్తాయి. ఒక్కో ఫోటోలో మనుషుల చుట్టూ నీలం డబ్బా, తలుపుల చుట్టూ పసుపు డబ్బా, స్తంభాల చుట్టూ ఎరుపు డబ్బా గీయాలి. మనిషి లేకుండా నడిచే బండికి ఏది మనిషో ఏది స్తంభమో నేర్పడానికట. స్క్రీను మూల ఒక పచ్చ చుక్క ఉంటుంది. మౌసు మూడు నిమిషాలు కదలకపోతే అది ఎర్రబడుతుంది. ఎర్రబడితే పైవాళ్ళు ఫోను చేస్తారు. అందుకని ఆయన పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే భోజనం కూడా కుర్చీలోనే. రోజుకు యాభై వీధులు తిరిగేవాడు, గుమ్మం దాటకుండా.

ఒకసారి టీ కప్పు పట్టుకుని వెళ్ళి ఆయన వెనకాల నిలబడింది. స్క్రీను మీద సన్నటి రాళ్ళ వీధి, తడిసి మెరుస్తోంది.

"ఈ ఎర్ర తలుపు బావుందండీ."

"దీని వెనక వీధి నిన్న చేశా. అక్కడ వాన ఇంకా ఎక్కువ."

"ఆ గొడుగాయన ఎటు వెళ్తున్నాడు?"

"ఎటూ వెళ్ళడు. ఫోటో తీసినప్పట్నుంచీ అక్కడే ఉంటాడు." నవ్వి, గొడుగాయన చుట్టూ నీలం డబ్బా గీసేశాడు.

ఆమె నవ్వలేదు. ఆ మధ్యాహ్నం పిల్లను పడుకోబెడుతూ తనూ కునుకు తీస్తే కలలో అదే వీధి. రాళ్ళు తడిగా ఉన్నాయి, వాన మాత్రం లేదు. మనుషులు ఎక్కడివాళ్ళక్కడ ఒక కాలెత్తి ఆగిపోయి ఉన్నారు. ఫోటోల్లోలాగే ఎవరి మొహమూ తెలియదు, పలక మీద చేత్తో తుడిచేసినట్టుంది. మధ్యలోంచి ఆయన పోతున్నాడు, కుర్చీలో కూర్చునే. కుర్చీ నీళ్ళ మీద పడవలా చప్పుడు లేకుండా పోతోంది. పిల్లను చంకనేసుకుని ఆమె పరుగెత్తింది. ఏమండీ అని పిలిచింది. గొంతు రాలేదు. ఆయన తిరిగి చూసుంటే కనీసం మొహం ఉందో లేదో తెలిసేది. తిరగలేదు.

లేచి వెళ్ళి తలుపు సందులోంచి చూసింది. మౌసు టిక్కుమంటోంది. బతికాను అనుకుని నీళ్ళు తాగింది.

ఈ సంగతి చెప్పుకోవడానికి ఆమెకున్నది ఒక్క పోస్టమ్మే. అదే అంతస్తులో, వరండా చివరి ఇల్లు ఆవిడది. నలభై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి, పోయిన ఏడాదే ఆ పని నుంచి విరమించింది. మొదట్లో ఎవరో పోస్టమ్మా అని పిలిచారు, అదే స్థిరపడింది.

"కాలం చూశావా అమ్మాయ్! నేను వీధి వీధీ తిరిగి జీతం తెచ్చుకున్నా, మీ ఆయన వీధుల్నే ఇంటికి పిలిపించుకుని జీతం తెచ్చుకుంటున్నాడు. నా పిక్క చూడు, రోకలేస్తే రోకలి విరుగుతుంది. ఆయనది?"

"ఆయనది గుడ్డ మూట పిన్నిగారూ. నొక్కితే లోపలికి పోతుంది."

"మరి లేపవే!"

"లేపితే చుక్క ఎర్రబడుతుందట."

"చుక్కట చుక్క," అంది పోస్టమ్మ. "మా పై అధికారి కూడా ఎర్రబడేవాడు. కాసేపయ్యాక తనే తెల్లబడేవాడు."

అంతలో ఆయనకు కళ్ళ బాధ మొదలైంది. మంట, నీళ్ళు కారడం, సాయంత్రమయ్యేసరికి ఒక స్తంభం రెండుగా కనబడటం. స్తంభాలు రెండైతే డబ్బాలు తప్పవుతాయి కాబట్టి, చేసేది లేక ఒక పూట సెలవు పెట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు లోపల ఆయనతో మాట్లాడుతుంటే పిల్ల ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఆమె బయటికి తెచ్చి వరండాలో తిప్పుతూ ఉండిపోయింది. ఆయనేమో కంట్లో చుక్కలు వేయించుకుని, లోకమంతా పొగమంచులా కనబడుతుంటే, గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు.

"ఏమన్నారండీ?"

"ఏదో ఇరవై ఇరవై అన్నాడోయ్. నా తల తిరుగుతోంది. చీటీలో రాశాట్ట, చూడు."

చీటీలో మందు పేరు కింద మూడు ముక్కలున్నాయి.

ఇరవై నిమిషాలకోసారి.
ఇరవై అడుగులు.
ఇరవై సెకన్లు.

ఆ రోజుల్లో వాళ్ళింట్లో అడుగు అంటే ఒకటే అర్థం. వాళ్ళ పిల్ల, ముద్దుపేరు బుడంకాయ్, ఏడాది దాటినా ఇంకా అడుగు వేయలేదు. కింది ఇంటి పిల్లాడు పదో నెలకే వేశాడు. ఎదురింటావిడ కనబడ్డప్పుడల్లా "ఏం, అడుగులు పడ్డాయా?" అని అడుగుతుంది. ఆమె పగలూ రాత్రీ అడుగుల ధ్యాసలోనే ఉంది. చీటీ మడిచి దాచుకుంటూ, మరో అనుమానం లేకుండా చెప్పేసింది.

"ఇరవై నిమిషాలకోసారి లేచి ఇరవై అడుగులు వేయాలట. ఇరవై సెకన్లలో."

"కళ్ళకి మందు కాళ్ళలో ఉంటుందా?"

"అన్నీ ఒక ఒంట్లోవేగా. పైవాటికి కిందవి సాయం చేస్తాయేమో. ఆ డాక్టరు అంత చదువుకున్నాడు, ఊరికే రాస్తాడా?"

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. వంటగది గూట్లో నాన్న బల్ల గడియారం ఉంది, ఆ కొట్లోంచి ఆమె తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు. దాన్ని చూసుకుంటూ, ఇరవై నిమిషాలకోసారి గరిటెతో వెనక గది తలుపు చట్రం మీద టక్ టక్ మని కొట్టేది. ఆయన విసుక్కుంటూ లేచేవాడు. కుర్చీ నుంచి వీధి గుమ్మానికి ఎనిమిది. గుమ్మం నుంచి వరండాలో పన్నెండు. సరిగ్గా ఇరవయ్యో అడుగు పోస్టమ్మ గుమ్మం ముందు, కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పడేది. ఎవరో కొలిచి పరిచినట్టు.

మొదటిరోజు ఆయన ఆ పట్టా మీద నిలబడి బిక్కమొహం వేశాడు. "ఇప్పుడేం చేయాలి?"

"ఉత్తరం ఏమైనా ఉందా బాబూ?" లోపల్నుంచి పోస్టమ్మ.

"లేదండీ."

"అయితే పో. ఉన్నప్పుడు రా."

ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ వెళ్ళాడు. పోస్టమ్మ తలుపు తీసే ఉంచింది. మూడో రోజుకల్లా బుడంకాయ్ కూడా ఈ ఆటలో చేరింది. గరిటె చప్పుడు వినగానే చేతులూ మోకాళ్ళూ టపటపలాడించుకుంటూ వరండా అంతా పాకి, నాన్నకంటే ముందే పట్టా మీద కూర్చునేది. ఆయన ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఇరవై దగ్గర వంగి దాని నెత్తి మీద చెయ్యేసేవాడు. అది కిలకిలమనేది. పోస్టమ్మ గోడకానుకుని కూరగాయలు తరుగుతూ, "చేరింది. సంతకం పెట్టి పొమ్మను" అనేది.

ఆ వరండా చివర ఒక కిటికీ ఉంది. మధ్యాహ్నాలు దాంట్లోంచి ఎండ ఏటవాలుగా పడి, గాల్లో దుమ్ము బంగారం పొడిలా నెమ్మదిగా తిరిగేది. ఆ వెలుగులో ఆయన రావడం, వంగడం, తిరిగి వెళ్ళడం చూస్తుంటే ఆమెకు ఒళ్ళు తేలికయ్యేది. అడుగుల చప్పుడు దూరమయ్యేది, దగ్గరయ్యేది, ఊయల ఊగినట్టు. వారం తిరిగేసరికి ఆయన విసుక్కోవడం మానేశాడు. నడుం పట్టేయడం తగ్గిందన్నాడు. గరిటె కాస్త ఆలస్యమైతే, "ఏమోయ్, గడియారం నిద్రపోయిందా?" అని లోపల్నుంచి అరిచేవాడు. నడిచి వచ్చి, "ఇంకో పది వీధులు, అవి తిన్ననివే" అని కబుర్లు కూడా చెప్పేవాడు. మధ్యాహ్నం కునుకులో ఆమెకు ఆ రాళ్ళ వీధి రావడం మానేసింది. వచ్చినా ఖాళీగా వచ్చేది, కుర్చీ లేకుండా.

ఆరు వారాలు అలా గడిచాయి. మళ్ళీ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఈసారి పిల్ల నిద్రపోయింది, ఆమె కూడా లోపలికి వెళ్ళి కూర్చుంది.

"కళ్ళు బాగా నయం," అన్నాడు డాక్టరు. "ఇరవై ఇరవై ఇరవై పాటిస్తున్నారా?"

"తప్పకుండా. రోజుకు పాతికసార్లు నడుస్తున్నానండీ."

"నడవడమేంటి?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె సంచీలోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు దాన్ని చూసి, వీళ్ళిద్దర్నీ చూసి, కళ్ళజోడు తీసి నవ్వడం మొదలుపెట్టాడు. చెడ్డ నవ్వు కాదు, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు.

"ఇరవై అడుగుల దూరం తల్లీ! ఇరవై నిమిషాలకోసారి తలెత్తి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమన్నా. కళ్ళకి విశ్రాంతి. నడవమన్నది ఎవరు?"

బయటికొచ్చాక బస్సులో ఆయన నవ్వాడు. బస్సు దిగి నవ్వాడు. మెట్లెక్కుతూ పోస్టమ్మ కనబడితే, "మా ఆవిడ కంటి మందు కాళ్ళకి రాసిందండీ!" అని చెప్పి మళ్ళీ నవ్వాడు. మనసులో ఏమీ లేదు, నిజంగా నవ్వొచ్చి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే లోపలికెళ్ళి పంపు తిప్పింది. కడగడానికి గిన్నెలేమీ లేవు. నీళ్ళు అలా కాసేపు పోతూనే ఉన్నాయి. ఆరో తరగతి, ఆరో తరగతి అంటున్నట్టు పోతున్నాయి.

ఆ మర్నాటి నుంచి గరిటె కొక్కేనికే వేలాడింది.

ఆయన కుర్చీలోంచి చూస్తే, కిటికీ అవతల ఎదుటి మేడ మీద నీలం రంగు నీళ్ళ ట్యాంకు కనబడుతుంది. కొలిచినట్టు ఇరవై అడుగులు. తలెత్తేవాడు, ట్యాంకును చూసేవాడు, తల దించుకునేవాడు. లేవాల్సిన పనే లేదు. దానికి తోడు కొత్త ఊరొకటి వచ్చి పడింది, వారం పది రోజుల్లో మొత్తం వీధులు తేల్చాలట. ఆయన భోజనం కంచం కూడా చూడకుండా తినేవాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళేది. చెయ్యి తలుపు చట్రం మీద పెట్టేది. మళ్ళీ ఏం తప్పు చదివావని అంటాడేమోనని తీసేసేది.

బుడంకాయ్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. రోజూ వరండా అంతా పాకి వెళ్ళి పట్టా మీద కూర్చునేది. గుమ్మం వైపు చూసేది. రెండు చేతులూ పైకెత్తి పెట్టుకుని, నెత్తి మీద చెయ్యి పడుతుందని ఎదురుచూసి ఎదురుచూసి, అక్కడే వాలి నిద్రపోయేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, నిద్రపోయిన పిల్లను ఎత్తుకోవడానికి వచ్చిన ఆమెను పోస్టమ్మ ఆపింది.

"ఏమ్మా, నా టపా ఆగిపోయిందే?"

"నడవమని రాయలేదట కదా పిన్నిగారూ. చూడమని రాశారట."

"రాస్తే?"

"నాకు చదవడం రాలేదు."

పోస్టమ్మ కత్తి పక్కన పెట్టింది. "ఇదిగో, నలభై ఏళ్ళు చిరునామాలు చదివినదాన్ని, నాకు చెప్పకు. తప్పు చిరునామా రాసిన ఉత్తరాలు ఎన్ని చూశానో. వెనక్కి పంపబోయి, ఎందుకో అనుమానమొచ్చి ఒకసారి ఆ తలుపే కొడితే, 'అయ్యో, దీనికోసమే చూస్తున్నామండీ' అన్నవాళ్ళున్నారు. తప్పుగా రాసినంత మాత్రాన చేరకూడదని ఏమైనా ఉందా?" అని, ఇక జవాబు కోసం చూడకుండా, వరండా దద్దరిల్లేలా గొంతెత్తింది. "బాబూ! వీధుల బాబూ! రిజిస్టరు టపా! సంతకం కావాలి!"

లోపల కుర్చీ కిర్రుమంది. పిల్ల ఉలిక్కిపడి లేచి కూర్చుంది. లోపలి అడుగులు కనబడలేదు. తర్వాత ఆయన గుమ్మంలో కనిపించాడు, వెలుగుకు కళ్ళు చిట్లించుకుంటూ. "నాకెవరు రాస్తారండీ ఉత్తరం?" అంటూనే, అలవాటు చొప్పున నోటితో లెక్క అందుకున్నాడు. తొమ్మిది. పది.

ఆమెకు ముందు చప్పుడు తేడాగా వినిపించింది. ఒక అడుగు టప్ మంటోంది, ఇంకోటి సర్రుమని జారుతోంది. టప్, సర్రు. టప్, సర్రు. ఎండలో దుమ్ము అలాగే తిరుగుతోంది. పదిహేడు. పద్ధెనిమిది. బుడంకాయ్ రెండు చేతులూ ఎత్తింది.

"ఇరవై," అన్నాడాయన. వంగి చెయ్యి చాపాడు.

అందలేదు.

పిల్ల వేళ్ళకీ ఆయన వేళ్ళకీ మధ్య రెండు మూరల దూరముంది. పట్టా ఇంకా అవతలే ఉంది. ఆయన అయోమయంగా నేల చూసి, "వరండా సాగిందేంటండీ?" అన్నాడు.

"వరండా సాగదు, నువ్వే కుంచించుకుపోయావు," అంది పోస్టమ్మ నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. ఆమె కళ్ళు ఆయన ఎడమ చెప్పు మీదున్నాయి. మడమ చెప్పులోంచి బయటికి వేలాడుతోంది.

వంటగదిలో నాన్న గడియారం కొట్టుకుంటోంది. అంత దూరం నుంచి వినబడదు. అయినా వినబడింది. ఊపిరి గట్టిగా వదలకు తల్లీ అంటున్నట్టుంది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు, చుక్క ఎర్రబడుతుందని.

"ఏమండీ, కాలేమైంది?"

"ఏమీ లేదు. తిమ్మిరి."

ఆమె నోరు మూతపడింది. ఆయన ఒక అడుగు వేశాడు. టప్. ఇంకో అడుగు. సర్రు.

"అడుగుతున్నాను. కాలేమైంది?"

"ఏమీ లేదన్నాగా! మళ్ళీ ఏదైనా చీటీ చదివావా ఏంటి?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా ఆమె ఆగలేదు. వెళ్ళి ఆయన ముందు నేల మీద కూర్చుండిపోయి, ప్యాంటు అంచు పట్టుకుని పైకి లాగింది. కుడి పిక్క మామూలుగా ఉంది. ఎడమది బిగిసి, నున్నగా మెరుస్తూ, ఎర్రగా కమిలి ఉంది. చెయ్యి ఆనిస్తే టీ గిన్నెలా వేడి.

"ఎన్నాళ్ళయింది?"

ఆయన గొంతు చిన్నదైంది. "మూడ్రోజులు. నరం పట్టిందనుకున్నా. పని అయ్యాక చూపించుకుందామని..."

"నూనె వేడి చేసి తెస్తా, గట్టిగా పిసికితే—" పోస్టమ్మ లేవబోయింది.

"వద్దు!" ఆమె అరిచిన అరుపుకు పిల్ల ఏడుపు లంకించుకుంది. "పిసక్కూడదు. ముట్టుకోకూడదు. మా నాన్న పోయాక డాక్టరు చెప్పాడు. ఆయన్ని ఇలా కూర్చోబెట్టండి. నేను ఆటో పిలుస్తా. పిన్నిగారూ, బుడంకాయ్‌ని మీరు చూసుకోండి."

"సాయంత్రం వెళ్దామోయ్," అన్నాడాయన. "ఇంకో ఇరవై వీధులే ఉన్నాయి. అవి అయిపోతే..."

ఆమె లేచి నిలబడింది.

"వీధులు ఎక్కడికీ పోవు. ఫోటో తీసినప్పట్నుంచీ అక్కడే ఉంటాయి. పదండి."

ఆయన ఆమె మొహం వైపు చూశాడు. ఆమె భుజం పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో కాలి మీద చల్లటి జిగురు రాసి, ఒక పరికరంతో పైకీ కిందికీ చూశారు. డాక్టరమ్మ చిన్న వయసుది. స్క్రీను వాళ్ళవైపు తిప్పి, నల్లటి దారిలో అడ్డం పడి ఉన్న బూడిదరంగు ముద్దను వేలితో చూపించింది.

"నెత్తురు గడ్డ. ఇంకా పిక్కలోనే ఉంది, అదృష్టం. మందులతో సరిపోతుంది. ఇంకో రెండు మూడు రోజులు ఇలాగే కూర్చుని ఉంటే..." ఆ మాట అక్కడ వదిలేసింది. "గంటల కొద్దీ కదలకుండా కూర్చునేవాళ్ళకి వచ్చే ముప్పే ఇది. ఎవరు కనిపెట్టారు?"

ఆయన ఆమెను చూపించాడు.

"నర్సు చదివారా?"

"లేదండీ. ఆరో తరగతి."

"మరెలా తెలిసింది?"

"పట్టా అందలేదండీ," అందామె.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆయన సర్దిచెప్పబోయాడు. "అదేంటంటే డాక్టరు గారూ, మా ఆవిడ ఒక చీటీ తప్పు చదివింది. ఇరవై అడుగులని రాసుంటే..." అక్కడిదాకా నవ్వుతూనే వచ్చాడు. గోడ మీద ఇరవై అడుగుల దూరంలో ఏముందో చూస్తున్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నాలుగు రోజులకు ఇంటికొచ్చారు. మందులున్నాయి, కాలికి బిగుతు మేజోడుంది. అరగంట మించి ఒకచోట కూర్చోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పైవాళ్ళు ఫోను చేస్తే ఆయన, "చుక్క ఎర్రబడుతుందండీ, మళ్ళీ పచ్చబడుతుంది. ఇరవై నిమిషాలకోసారి నాకు ఉత్తరమొస్తుంది" అన్నాడు. వాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. కాసేపు గొణిగి పెట్టేశారు.

గరిటె కొక్కెం దిగింది. ఇప్పుడు ఆయన రెండూ చేస్తున్నాడు. లెక్కపెడుతూ పట్టా దాకా నడుస్తాడు, పిల్ల నెత్తి మీద చెయ్యేస్తాడు, అక్కడే నిలబడి వరండా కిటికీలోంచి దూరంగా చూస్తాడు. మొదటివారం పట్టా అందలేదు. రెండో వారం బొటనవేలు తగిలింది. మూడో వారం పాదం మొత్తం పడిన రోజు పోస్టమ్మ, "చేరింది" అని, కూరగాయల కత్తి పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలంది. ఆ రోజు తరుగుతున్నది గుమ్మడికాయ.

బుడంకాయ్ ఇంకా అడుగు వేయలేదు. ఎదురింటావిడ అడుగుతూనే ఉంది. ఆమె తొందరపెట్టడం మానేసింది.

నిన్న మధ్యాహ్నం కునుకులో ఆ వీధి మళ్ళీ వచ్చింది. తడి రాళ్ళు, ఎర్ర తలుపు. కుర్చీ ఒక మూల ఖాళీగా ఉంది. ఆగిపోయిన మనుషులు ఎత్తిన కాళ్ళు ఒక్కొక్కరే కింద పెడుతున్నారు. వీధంతా అడుగుల చప్పుడు, వాన మొదలైనట్టు. ఆయన నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగాడు. మొహం ఉంది. "ఏంటోయ్, ఏదో అడగాలనుకున్నావు?" అన్నాడు. ఏం లేదండీ, అడిగేశాగా, అంది ఆమె నిద్రలోనే.

ఇది చదువుతున్నవాళ్ళు మీరూ ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటారు. పక్క గదిలోనో, గోడ అవతలో, పొద్దుట్నుంచీ కుర్చీ చప్పుడు వినబడని మనిషి ఎవరైనా ఉన్నారా? ఒకసారి లేచి వెళ్ళండి. చెప్పులో పాదం పడుతోందో లేదో చూడండి. కాలెలా ఉందని అడగండి. ఏమీ లేదంటారు. ఇంకోసారి అడగండి.